ముందు ముక్క

“చంపేశానన్నాడా, కొట్టుకున్నామన్నాడా? అదొక్కటి తేల్చండి మాస్టారూ. వీడి ప్రాణం దానిమీదే ఉంది.”

సార్జెంట్ టెక్విన్ టీ కప్పును ఇథెల్ మాస్టారి ముందుకు తోశాడు. మాస్టారు ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచేతికి కట్టు ఉంది, బడి తలుపు సందులో నలిగిందట.

బల్లకి అవతల జెనెక్ కూర్చున్నాడు. యుద్ధం ముగిశాక సొంతూరికి పోలేక ఈ వెల్ష్ లోయలో మిగిలిపోయిన పోలిష్ సైనికుడు. మాడొగ్ దగ్గర గొర్రెలు కాసేవాడు. నిన్న పొద్దున ఆ మాడొగ్ తల పగిలి వాగులో దొరికాడు. ముందురోజు సాయంత్రం జెనెక్ చిట్లిన పెదవితో దుకాణానికొచ్చి, వచ్చీరాని వెల్ష్‌లో, “మాడొగ్, నేను, లాద్” అన్నాడు. లాద్ అంటే చంపడం.

“అందరూ విన్నారు,” అన్నాడు సార్జెంట్. “నాకే మనసొప్పడం లేదు. ముందు ‘అమ్’ తగిలిస్తే అమ్‌లాద్, కొట్టుకోవడం. పరాయివాడు, ఆ ముందు ముక్క మింగేశాడేమో! ఉత్తపుణ్యానికి ఒకణ్ణి ఉరికంబం ఎక్కించలేను.”

“‘అమ్’ అంటే పాతకాలంలో ‘రెండువైపులా’ అని. చంపడం రెండువైపులా మొదలైతే అది కొట్లాట.” మాస్టారి గొంతులోకి బడి వచ్చేసింది. ముందు ముక్కల మీద పుస్తకం రాస్తున్న మనిషి మరి. “ఈ పోలిష్‌వాళ్ల భాషలో అంతా తిరకాసు. బివెమ్ అంటే కొట్టాను. ముందు ‘జ’ చేరిందా, జబివెమ్, చంపేశాను. ‘జ’ అంటే అవతల. దెబ్బ హద్దు దాటి అవతలికి పోయిందన్నమాట.”

“మనకి ముక్క ఊడితే చావు, వాళ్లకి ముక్క చేరితే చావు. బాగుంది సంబడం!”

నవ్వడానికేముంది, మన తెలుగులో ప్రహారానికీ సంహారానికీ మధ్య ఉన్నదీ ఆ ముందు ముక్కే కదా.

“అయితే వాడి భాషలోనే అడగండి. అందులో తడబడడుగా.”

“అడుగుతాను. కానీ టెక్విన్, మాడొగ్‌కీ నాకూ పొలం గోడ తగువుంది. నా మాట చెల్లుతుందా?”

“ఆ గొడవ మీ తాతలనాటిది, వదిలేయండి. ఈ లోయలో వీడి మాట తెలిసినవాళ్లు మీరు కాక ఎవరున్నారు?”

మాస్టారు పోలిష్‌లో అడిగాడు. జెనెక్ ముఖం విప్పారింది. తనకి వెల్ష్ నేర్పిన గురువు వచ్చాడు, ఇక భయం లేదనుకున్నాడు పాపం. గబగబా చెప్పాడు, పిడికిళ్లు ఊపాడు, పెదవి చూపించాడు. చివర్న ఒక్క మాట నొక్కి పలికి, గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

మాస్టారు టీ కప్పు బల్లమీద పెట్టేశాడు.

“చెప్పండి మాస్టారూ.”

“లాద్,” అన్నాడు తల వంచుకుని.

ఆ మాట జెనెక్‌కి వచ్చిందే. “లాద్, లాద్!” అంటూ ఉత్సాహంగా తలూపాడు.

సార్జెంట్ ముఖం పాలిపోయింది. “ఛీ, ఎంత సంబరమో వెధవకి! సరిగ్గా విన్నారా? వాడి భాషలో ముందు ముక్క ఉందా?”

“నా బతుకంతా ముందు ముక్కలతోనే గడిచింది. పొరబడతానా?”

“కోర్టులోనూ మీరే చెప్పాలి. ఆ ఇంగ్లీషు జడ్జికి మన మాటే రాదు, ఇక వీడిదేం తెలుస్తుంది!”

కానిస్టేబుల్ వచ్చి లేపితే, జెనెక్ ఇంటికి పంపిస్తున్నారనుకున్నాడు. వాళ్ల అలవాటు కొద్దీ వంగి, మాస్టారి కట్టు కట్టిన చేతిని ముద్దుపెట్టుకున్నాడు. మాస్టారు నిప్పు తగిలినట్టు చెయ్యి లాగేసుకున్నాడు.

“ఇంకా నొప్పిగా ఉందా?” అడిగాడు సార్జెంట్.

“తలుపు దెబ్బ కదా, ఓ పట్టాన తగ్గదు,” అని మాస్టారు టోపీ పెట్టుకున్నాడు.

జెనెక్ తన భాషలో నొక్కి చెప్పిన మాటకి ముందు ఏ ముక్కా లేదు.