పిల్లి సెలవు

“ముసలిదాన్ని కడుపు మాడ్చి చంపుతున్నది మీరే! రోగం కాదు, మీరు!”

ప్రనోమ్ ఆఫీసు బల్ల మీద అరచేత్తో చరిచింది. టీ కప్పు ఎగిరి కాగితాల మీద ఒలికింది. సెలవులు చూసే వారునీ మేడమ్ వాటిని తుడుచుకుంటూ, “కోప్పడకక్కా. సెలవు పది రోజులే. నిన్నటితో అయిపోయింది,” అంది.

సోంగ్‌ఖ్లా రేవు పక్కనే ఆ ఫ్యాక్టరీ. ట్యూనా చేపను ఉడికించి, ముళ్లు తీసి, డబ్బాల్లో కుక్కి సముద్రం దాటిస్తారు. తినేది పిల్లులు. కొనే దొరలకు పిల్లులంటే ప్రేమ గనక కంపెనీ కూడా ప్రేమ నేర్చుకుంది. గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు పెట్టింది. ఇంట్లో పిల్లికో కుక్కకో జబ్బు చేస్తే మధ్యాహ్నం రెండు గంటలు ఇంటికెళ్లి తినిపించి రావచ్చు. జీతంలో కోత లేదు.

“నాకు డెంగ్యూ వస్తే వారం కూలి కోశారు,” అంది బోర్డు పెట్టిన రోజు, డబ్బాలు నింపే లైన్లో ప్రనోమ్ పక్కన నిలబడే చన్‌పెన్. “వచ్చే జన్మలో తోకతో పుడతానే!”

అందరూ నవ్వారు. ప్రనోమ్ నవ్వలేదు. వెళ్లి ఫారం తెచ్చుకుంది. పేరు గడిలో ‘దామ్’ అని రాసింది. వయసు గడిలో ‘బాగా ముసలిది’ అని రాసింది. మిగతా గడులు ఆఫీసు గుమస్తానే నింపేశాడు.

పద్నాలుగేళ్లు ఒకే రేకుల కప్పు కింద ఉన్నా దామ్‌కూ ప్రనోమ్‌కూ ఒక్కనాడూ పొసగలేదు. మొగుడికి మాత్రం ముసలిదంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని పెళ్లాం నెత్తిన పెట్టి చేపల పడవెక్కిపోయాడు. మూడు నెలల దాకా రాడు.

ముసలిదానికి మూత్రపిండాలు చెడ్డాయి. డాక్టరు ఒకటే మాట చెప్పాడు. మూడు వారాల్లో రోజుకో గిన్నె నిండా తినడం అలవాటు కావాలి. లేకపోతే ముక్కులో గొట్టం. ఈ ఒంటికి గొట్టం పెట్టినా నిలిచేది అనుమానమే.

మొదటిరోజు కానాగంత చేప కలిపిన అన్నం ముందు పెట్టింది. ముసలిది వాసన చూసి మొహం గోడకు తిప్పింది. రెండోరోజు దవడలు పట్టుకుని కుక్కబోయింది. ముసలిది వేలు కొరికింది. నెత్తురొచ్చింది.

ఆ వేలు చూసి లైనంతా చుట్టూ మూగింది. అక్కడ పిల్లిని పెంచని ఆడది లేదు.

“బలవంతం చెయ్యకు. ఒకసారి బెదిరిందంటే గిన్నె కనబడితేనే వణుకుతుంది.”

“చల్లారిన కూడుకు వాసనేముంటుందే? గోరువెచ్చగా చేసి పెట్టు.”

“ముక్కు దిబ్బడ వేసిందేమో చూడు. తడిగుడ్డతో తుడువు. వాసన తగలకపోతే నోరెందుకు తెరుస్తుంది?”

“మందు అన్నంలో కలిపావా? చంపావు పో! ఇక అన్నం మీదే పగ పడుతుంది.”

“ఎదురుగా కూచుని గుడ్లప్పగించి చూడకు. నీ పని నువ్వు చేసుకుంటూ ఉండు,” అంది చన్‌పెన్.

ప్రనోమ్ ఒక్కటీ వదల్లేదు. ముక్కు తుడిచింది. చేప ఉడికించిన నీళ్లతోనే అన్నం మెత్తగా పిసికింది. వేడి తన మణికట్టు మీద చూసుకుంది. వేలికొసతో పెదవికి కాస్త రాసి, వీపు తిప్పి కూచుని ఆకుకూర తుంచింది.

నాలుగోరోజు వెనక నుంచి చప్పరించిన చప్పుడు వినబడింది. ప్రనోమ్ తల తిప్పలేదు. ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

ఆరోరోజు నాలుగు ముద్దలు. ఎనిమిదోరోజు సగం గిన్నె, మధ్యలో చేతి మీద ఒక గోటి గీరు. పదోరోజు గిన్నె ఖాళీ. పెట్టింది ప్రనోమ్ అని తెలిసి కూడా తింది.

కానీ తినేది మధ్యాహ్నం పూటే. ప్రనోమ్ కంపెనీ బస్సెక్కేది తెల్లవారకముందు. తిరిగొచ్చేసరికి ముసలిదానికి వికారం మొదలై, నీళ్లు కూడా దిగవు.

“పది రోజులు తంటాలు పడి అలవాటు చేశాను,” అంది ప్రనోమ్, గొంతు తగ్గించకుండా. “రెండు మధ్యాహ్నాలు తప్పితే మళ్లీ గోడవైపు తిరుగుతుంది. తర్వాత ఇక ఇటు తిరగదు. ఇంకో పది రోజులివ్వండి.”

వారునీ మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె బల్ల మీద మూడు పిల్లుల ఫోటోలున్నాయి.

“రూలు నా చేతుల్లో లేదక్కా. ఒక్క దారుంది. కంపెనీ పశువుల డాక్టరు చూసి రాసిస్తే పొడిగిస్తాం. మధ్యాహ్నం వస్తాడు, బుట్టలో పెట్టుకుని తీసుకురా.”

“బుట్టలో పట్టదు.”

“అంత లావా, నా బంగారుతల్లి?”

“ఎముకలే మిగిలాయి.”

“అయ్యో! అయితే మేమే మీ ఇంటికొస్తాం. నేనో బొమ్మ ఎలుక తెస్తాను, ఆడుకుంటుంది.”

గుమ్మంలో చన్‌పెన్, ఆమె వెనక లైనంతా నిలబడి ఉంది. ప్రనోమ్ వాళ్ల వైపు ఒకసారి చూసింది. బల్ల మీది కట్టలోంచి ఖాళీ ఫారం ఒకటి లాగి, కలంతో సహా మేడమ్ ముందుకు తోసింది.

“ఎలుక వద్దు మేడమ్, ఫారం మార్చండి, ఈ పూటే, నా కళ్ల ముందే, ‘పిల్లి, కుక్క’ అన్న వరస కింద ‘మనిషి’ అని ఇంకో గడి గీయండి, పది రోజులుగా మీ పిల్లి సెలవు మీద అన్నం తింటున్నది మా అత్త!”