మా సందులో పిలుపులు

ముప్పై ఏళ్ళ తర్వాత మా సందుకి వెళ్ళాను. నాటివాళ్ళలో కుట్టు అత్తయ్య ఒక్కతే మిగిలింది. చూపు మందగించినా మిషను ముందే కూర్చుని ఉంది. గొంతు విని గుర్తుపట్టి, స్టూలు మీది గుడ్డముక్కలు కిందికి తోసి నన్ను కూర్చోమంది.

మాటలు చిన్నతనం మీదికి మళ్ళాయి.

"అప్పట్లో సందంతటికీ నేనంటే ఎంత ముద్దో అత్తయ్యా! బడి నుంచి వస్తుంటే రోజూ ఏదో ఒక గుమ్మంలోంచి పిలిచేవారు. తినేదాకా కదలనిచ్చేవారా? నేనేమో బెట్టు! ఓసారి ఉప్పెక్కువైందని నీ ఇంట్లోనే కంచం తోసేశాను."

నేను నవ్వాను. అత్తయ్య నవ్వలేదు.

"ఆస్పత్రిలో చేరే ముందురోజు మీ అమ్మ ఇంటింటికీ వచ్చిందే. గోడ పట్టుకుని, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటూ వచ్చింది. 'వారానికి ఒక్కపూట మా పిల్లకి ఇంత ముద్ద పెట్టండి వదినా' అంది. అందుకే పిలిచాం. ముద్దు అంటావా, అది తర్వాత వచ్చింది. నువ్వు రాని రోజు మాకూ ముద్ద దిగేది కాదు."

అమ్మ ఆ ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు.

"ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం?"

"ఒట్టు వేయించుకుంది తల్లీ. 'దానికి అభిమానం ఎక్కువ, ఆకలేసినా అడగదు. మీకే సరదా పుట్టి పిలిచినట్టు పిలవండి' అంది."