డిఫెండర్ రిపోర్ట్

రిపోర్ట్ పదకొండింటికి వస్తుందన్నారు. పదిన్నరకే కువాంగ్ లీషెంగ్ తలుపు వైపు చూడటం మొదలుపెట్టాడు.

అమెరికాలో ట్రాయ్ ఊళ్లోని ఆ ఆస్పత్రి వెయిటింగ్ రూమ్‌లో అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. చైనాలో, సొంత ఊరు చింగ్‌దావ్‌లో అయితే ఈపాటికి ఫొటోల కోసం చుట్టూ మూగేవాళ్లు. పద్దెనిమిదో ఏట అక్కడి ఫుట్‌బాల్ క్లబ్‌లో డిఫెండర్‌గా చేరాడు. మొదటి మ్యాచ్‌లోనే బంతిని సొంత గోల్‌లోకి కొట్టి స్టేడియం మొత్తం చేత తిట్లు తిన్నాడు. మర్నాడు అందరికన్నా ముందే ప్రాక్టీస్‌కి వచ్చాడు. ఆ తర్వాత పదేళ్లలో రెండుసార్లు ముక్కు విరిగింది, ఒకసారి మోకాలికి ఆపరేషన్ అయింది. ఎంతటివాడు మీదికి దూసుకొచ్చినా వెనకడుగు వేయలేదు. నాలుగేళ్ల క్రితం డెట్రాయిట్ దగ్గరి ఒక క్లబ్‌కి ఆడటానికి వచ్చి, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి విద్యని పెళ్లి చేసుకున్నాడు.

అలాంటివాడు ఇప్పుడు కాగితం కప్పులో నీళ్లు ఒలకకుండా తాగలేకపోతున్నాడు.

ఫోన్ మోగింది. కోచ్.

"కొత్త కాంట్రాక్ట్ నా టేబుల్ మీదే ఉంది లీ. ఇంకో రెండేళ్లు. రిజల్ట్ ఏదైనా సరే, ముందు నాకు చెప్పు."

"చెప్తాను" అన్నాడు.

పక్క కుర్చీలో విద్య స్వెటర్‌లో ముడుచుకుని కూర్చుంది. ఆమెకీ ఫోన్ వచ్చింది. నేపర్‌విల్ నుంచి తల్లి ఛాయాదేవి.

"ఇంకా రాలేదమ్మా. రాగానే కాల్ చేస్తా."

"అబ్బాయి ఎలా ఉన్నాడే?"

"చాలా భయపడుతున్నాడు. నేనే ధైర్యం చెప్తున్నా."

ఫోన్ పెట్టేసి అతని చేయి పట్టుకుంది.

"లీ, ఫెయిలైనా ఓకే. నిజంగా."

"ఓకే కాదు."

"నువ్వు చేయగలిగిందంతా చేశావ్. నాకది చాలు."

మూడు వారాలుగా ఇదే నరకం. రక్తం తీశారు, గుండె చూశారు, స్కాన్‌లు చేశారు. ప్రతిసారీ టెక్నీషియన్ మొహంలోకే చూసేవాడు. ఆ మనిషి కాస్త కనుబొమ్మ ముడిస్తే చాలు, లీషెంగ్ పైప్రాణాలు పైనే పోయేవి. మోకాలి ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మింగిన నొప్పి మాత్రలు గుర్తొచ్చాయి. అవి లోపల దేన్ని పాడుచేశాయో ఏమో. అప్పుడు ఒక్క మ్యాచ్ వదులుకుని ఉంటే ఏం పోయేది?

పదకొండూ పది. డాక్టర్ అనూరాధ ఫైల్‌తో బయటికి వచ్చింది. ఆమె మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

లీషెంగ్ లేవబోయాడు. కూర్చోమని సైగ చేసింది డాక్టర్. ఆమె ఎదురుగా కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. ఒక పేజీ దగ్గర ఆగింది.

"అంతా పర్ఫెక్ట్" అంది డాక్టర్, తలెత్తి. "మీరు పాసయ్యారు."

లీషెంగ్ రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. విద్య అతని భుజం మీద తల వాల్చింది.

"సారీ లీ" అంది మెల్లగా.

వచ్చే గురువారం అతని ఎడమ కిడ్నీ తీసి విద్యకి పెడతారు, ఇక ఆ ఒంటి కిడ్నీతో అతను ఎప్పటికీ మ్యాచ్ ఆడకూడదు.