ఉత్తచేతుల వీరుడి కత్తి

“వీడి చేతిలో కత్తేంటి?”

బాబాయి అరుపుకి వర్క్‌షాపులో అందరి పనీ ఆగిపోయింది. అందరూ అంటే ఇద్దరే. అట్టపెట్టెలు మడుస్తున్న పిన్ని, నియమాల కాగితం దిద్దుతున్న అమ్మాయి.

ఆయన రెండు వేళ్ల మధ్య బొటనవేలంత బొమ్మ ఉంది. బోడిగుండు, నడుముకి పట్టీ, బిగించిన పిడికిళ్లు. ఎడమ పిడికిలి ఖాళీ. కుడి పిడికిట్లో మాత్రం నిగనిగలాడుతూ ఒక కత్తి.

అమ్మాయి కాగితం వదిలేసి దగ్గరికొచ్చింది. అది తను తయారుచేసిన వీరుడు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ దొంగలతో, రాక్షసులతో పోరాడే ఆట ఒకటి వాళ్లు తయారుచేస్తున్నారు. అందులో విలుకాడున్నాడు, మంత్రగత్తె ఉంది. వాళ్ల సరసన ఒట్టి చేతులతో పోరాడేవాణ్ణి కూడా చేర్చుదామని బాబాయిని బతిమాలి బామాలి ఒప్పించింది. ఆట నియమాల పుస్తకంలో వాడి పేజీలో మొదటి నియమమే, “ఇతను ఆయుధం ముట్టుకుంటే శక్తులన్నీ పోతాయి” అని.

బాబాయి బొమ్మలు పోతపోసే అచ్చుల మేస్త్రికి ఫోన్ కలిపాడు. “ఏమయ్యా, వీడికి కత్తి ఎవడు పెట్టమన్నాడు?”

“చేతులు మరీ బోసిగా ఉన్నాయండీ. మీరే మర్చిపోయుంటారు, పోనీలే పాపం అని నేనే పెట్టించాను. అన్నట్టు ఆ కత్తి గురించే ఇంకో మాట...”

“నీ మాటలు నీ దగ్గరే పెట్టుకో!” ఠక్కున పెట్టేశాడు.

ఐదొందల బొమ్మలు. మళ్లీ పోత పోయించే టైము లేదు. రేపు పొద్దున్నే పెట్టెలు దుకాణాలకి వెళ్లాలి. పుస్తకమంతా అచ్చయిపోయింది, ఈ వీరుడి పేజీ ఒక్కటే మిగిలింది. దానికోసం ప్రెస్సువాళ్లు ఐదింటిదాకా ఆగుతామన్నారు. ఇప్పుడు మూడున్నర.

“చూడమ్మా,” బాబాయి గొంతు తగ్గించాడు. “నీ తప్పేం లేదు. కానీ ఆయుధం ముట్టని వీరుడి చేతిలో కత్తి కనిపిస్తే జనం మన మొహం మీదే నవ్వుతారు. వీణ్ణి తీసేసి పాత బల్లెంవాణ్ణి వేసేద్దాం. వాడి బొమ్మలు గోడౌన్లో పడున్నాయి.”

“వద్దు బాబాయ్, ప్లీజ్. కత్తులు కోసేద్దాం.”

ఆ మాట అంటుంటేనే ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. పుస్తకంలో తన పేరు పడే పేజీ అదొక్కటే.

బాబాయి అట్టలు కోసే చాకు తీశాడు. మొదటి బొమ్మకి కత్తితో పాటు చెయ్యీ ఊడింది. రెండోదానికి భుజందాకా పోయింది. మూడోదాన్ని బల్లకేసి అదిమిపట్టి, నాలుక కొరుక్కుంటూ కోయసాగాడు.

పిన్ని ఇక చూడలేక లేచొచ్చింది. “చాకు ఇలా ఇవ్వండి. బొమ్మల చేతులయ్యాయి, ఇక మీ చేతులే మిగిలాయి.”

“నువ్వుండవే, వచ్చేస్తోంది!” అంటూ ఆయన చాకు పక్కకి తిప్పాడు.

పిన్ని ఆయన మణికట్టు పట్టుకుని చిన్నగా మెలిపెట్టింది. అంతే, చాకు ఆవిడ చేతికి వచ్చేసింది. దాన్ని సొరుగులో పడేసి, ఏమీ జరగనట్టు మళ్లీ పెట్టెలు మడుచుకోవడం మొదలుపెట్టింది.

అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. “పిన్నీ, ఇప్పుడేం చేశావు?”

“ఏముంది? లాక్కున్నాను.”

“ఒట్టి చేతుల్తోనా?”

“చేతిలో ఏమన్నా ఉంటే ఎలా లాక్కుంటానే?”

అమ్మాయి ఎగిరి గంతేసినంత పనిచేసింది. పెన్ను తీసి మొదటి నియమం కొట్టేసి, గబగబా రాసింది. “ఎదుటివాడి వేటు తప్పితే, అతని ఆయుధాన్ని ఇతను లాక్కోవచ్చు. దాంతో కొట్టకూడదు. చేతులు ఖాళీగా ఉన్నవాడికే ఈ శక్తి.”

“ఆ కత్తి మనవాడిది కాదు బాబాయ్! శత్రువు దగ్గర లాక్కున్నది!”

“రాతలు సరే, ఆటలో నిలబడాలిగా? ఆడి చూపించు.”

అదే ఆమె భయం కూడా. ఇంతకుముందు ఎన్నిసార్లు ఆడి చూసినా, ఈ వీరుడు దొంగల నాయకుడి చేతిలో ఇట్టే చచ్చేవాడు. ఈసారీ నాయకుడు బాబాయే. మొదటి వేటు తగిలింది. రెండోదీ తగిలింది. ఇంకొక్కటి తగిలితే వీరుడి పని అయిపోతుంది. బాబాయి పాచిక ఊది మరీ విసిరాడు. అది బల్ల అంచుదాకా దొర్లి, ఒకటి చూపించింది. వేటు తప్పింది.

“కత్తి ఇలా ఇవ్వండి,” అంది అమ్మాయి, అచ్చం పిన్నిలా.

కత్తి పోయిన నాయకుడు నాలుగు పిడిగుద్దులకే బోర్లాపడ్డాడు. ఓడిపోవడమంటే గిట్టని బాబాయి మొదటిసారి ఓడి నవ్వాడు. “ఇన్నాళ్లూ వీడికి ఏదో తక్కువైందనుకున్నాను. ఇదన్నమాట. పంపించెయ్.”

ఐదుకి పది నిమిషాల ముందు పేజీ ప్రెస్సుకి వెళ్లిపోయింది. హమ్మయ్య! అమ్మాయి కుర్చీలో కూలబడి, పిన్ని ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగేసింది. ఒళ్లంతా తేలికైపోయింది.

“ఆ దొంగల నాయకుడి బొమ్మలు కూడా వస్తే పెట్టెలు మూసేయొచ్చు,” అంది పిన్ని.

అంతలో ఫోన్ మోగింది. మేస్త్రి! ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. బాబాయి స్పీకర్ నొక్కాడు.

“అయ్యా, ఈసారైనా కోప్పడకుండా వినండి. దొంగల నాయకుడి బొమ్మలు బండెక్కించాను. లెక్కకి ఐదొందలూ ఉన్నాయి. కాకపోతే...”

“కాకపోతే?” బాబాయి ఫోన్ మీదకి వంగాడు.

“కొత్త కత్తి చెక్కే టైము లేక, అచ్చు తియ్యడానికి చేసిన ఆ నాయకుడి మైనపు బొమ్మ చేతిలోది ఊడదీసి మీ వీరుడికి పెట్టానండీ. తిరిగి పెట్టడం మర్చిపోయి అలాగే పోత పోసేశాం. ఐదొందల మంది నాయకులూ ఉత్తచేతులతోనే వస్తున్నారు!”