ఆపే అధికారం

"పదకొండింటి లాంచిని ఆపండి," అంది ఆమె.

కౌంటర్లోని గుమస్తా తలెత్తలేదు. "టికెట్ వాపసులు పక్క కిటికీలో."

"టికెట్ కాదు. లాంచినే ఆపాలి. అడుగున నీళ్లు చేరుతున్నాయి. తోడే పంపు మూడు రోజులుగా పనిచెయ్యడం లేదు. నూటపది మంది ఎక్కుతారు. లైఫ్ జాకెట్లు నలభై కూడా లేవు."

అప్పుడు తలెత్తాడు. తొమ్మిదిన్నరకే రేవు ఆఫీసుకొచ్చి ఇలాంటి మాటలు మాట్లాడేవాళ్లు అతనికి ఇదివరకు తగల్లేదు. రిజిస్టరు ముందుకు తోశాడు.

"ముందు పేరు రాయండి."

"పేరెందుకు? నీళ్లు పేరడిగి లోపలికొస్తాయా?"

గుమస్తా ఆమెను పై అంతస్తుకు పంపేశాడు. పంపెయ్యడం ఆ ఆఫీసులో అందరికీ బాగా వచ్చిన పని.

పైన భద్రతాధికారి ఆమె సెల్‌ఫోన్లో వీడియో చూశాడు. ఇంజను గది, మోకాలి దాకా నీళ్లు, పైన తేలుతున్న నూనె.

"ప్రయాణికులు ఇంజను గదిలోకి వెళ్లకూడదమ్మా. మీరెలా వెళ్లారు?"

"వెళ్లాను. నీళ్లు చూడండి సార్, నన్ను కాదు."

చూశాడు. చూసి నసిగాడు. "ప్రమాదమే, కాదనను. కానీ తనిఖీలు ఇప్పుడు మా చేతుల్లో లేవు. ప్రభుత్వం ఆ అధికారం ప్రైవేటు కంపెనీకి బదలాయించింది. సర్టిఫికెట్ ఇచ్చేదీ వాళ్లే, రద్దు చేసేదీ వాళ్లే."

"మరి మీరెందుకున్నారు?"

"పర్యవేక్షణకి."

"దేన్ని?"

ఆయన గోడ గడియారాన్ని పర్యవేక్షించాడు.

కంపెనీ ఆఫీసు రోడ్డుకు అవతల, రంగుల దుకాణం మీద ఉంది. ఒక గది, ఒక కంప్యూటరు, దాని ముందు ఒక అమ్మాయి.

"మీ సర్వేయరు ఈ లాంచిని చూశాడా?"

"చూశారండీ. ఓనరు గారు ఫొటోలు పంపుతారు కదా."

తెరమీద నలభై నారింజ రంగు జాకెట్లు బారులు తీరి ఉన్నాయి. ఆమె ఒకదాని మీద వేలు పెట్టింది. "ఈ చిరుగు చూశావా? పక్క లాంచి ఫొటో చూపించు."

అందులోనూ అదే చిరుగు. మూడో లాంచిలోనూ. ఫొటోలు తీసే రోజున ఆ నలభై జాకెట్లే లాంచి లాంచికీ ఊరేగుతాయన్నమాట. అమ్మాయి మొహం పాలిపోయింది.

"రద్దు చెయ్యి," అంది ఆమె.

"నాకా అధికారం లేదండీ. హెడ్డాఫీసుకి రాయాలి. వాళ్లు ఓనరుకి పదిహేను రోజుల నోటీసివ్వాలి."

"పదిహేను రోజులా? అప్పటికి శవాలు కూడా దొరకవు!"

ఆమె ఫోను మోగింది. విసుగ్గా కట్ చేసింది. మళ్లీ మోగింది. దాని నోరు నొక్కేసింది.

"మీవాళ్లెవరైనా ఎక్కుతున్నారాండీ?" అంది అమ్మాయి బెరుగ్గా.

"మా అత్తగారు. కళ్లద్దాలు మార్పించుకోడానికి అవతలి ఒడ్డుకి."

"అత్తగారి కోసం ఇంత పోట్లాడే కోడల్ని ఇప్పుడే చూస్తున్నా."

ఇంకోరోజైతే నవ్వేదే. ఇప్పుడు ఒళ్లు మండిపోతోంది. మెట్లు దిగి, రోడ్డు దాటి, మళ్లీ రేవు ఆఫీసులోనే రికార్డుల గదిలోకి దూసుకుపోయింది. అక్కడ రిటైరు కాబోతున్న పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. పదీ నలభై అయింది.

"ఆపే అధికారం ఎవరికుంది? ఒక్కరంటే ఒక్కర్ని చూపించండి!" గది అదిరిపోయేలా అరిచింది.

"ముందు నీవాళ్లెవరైనా ఉంటే దింపుకో తల్లీ. లాంచి వెళ్లిపోతుంది."

"నేను వెళ్లేదాకా అది కదల్దు. మీరు చెప్పండి."

ఆయన ఆ మొండితనానికి తల పంకించి, బీరువాలోంచి తనిఖీల మీద వచ్చిన కొత్త ఉత్తర్వు తీశాడు. చివరి పేజీ తిప్పాడు.

"అందరూ మొదటి పేజీతోనే సరిపెడతారు. ఇదిగో, తొమ్మిదో పేరా. బయలుదేరే ముందు ప్రమాదం ఉందనిపిస్తే, ఆపే అధికారం లాంచి నడిపే సరంగుదే. ఆమధ్య ఒక సరంగు నడపనంటే ఓనరు అరగంటలో ఇంకొకణ్ణి ఎక్కించి పంపలేదూ? పదిమంది మునిగిపోయారు. ఆ తర్వాత రాశారిది. సరంగు పుస్తకంలో రాసి సంతకం పెడితే ఓనరు కాదు కదా, మంత్రి కూడా కదిలించలేడు. ఇంకొకణ్ణి ఎక్కించినా నేరమే."

"ఈ సంగతి సరంగులకి చెప్పారా?"

"పోయిన నెలే పంపాం. అందినట్టు అందరూ సంతకాలు పెట్టారు. ఒక్కడన్నా చదివాడంటే నా చెవి కోసిస్తా."

సంతకాల కాగితం ముందు పెట్టాడు. ఆమె పైనుంచి కిందిదాకా చూసింది. పొద్దుటినుంచీ లేనంత కోపం ఇప్పుడు మొహంలోకి వచ్చింది.

"చదివి చావొచ్చుగా!" అంది పళ్లు కొరుకుతూ.

రేవుకి చేరేసరికి పదకొండూ అయిదు. లాంచి కిక్కిరిసిపోయి ఉంది. కిటికీ పక్కనుంచి అత్తగారు చెయ్యూపింది. "ఇప్పుడా రావడం? ఎండకి మాడి చస్తున్నాం!"

"దిగండి అత్తయ్యా. అందరూ దిగండి. ఈ లాంచి వెళ్లదు."

ఎవరూ కదల్లేదు. కష్టపడి సీటు సంపాదించుకున్నవాణ్ణి లేపడం ఎవరి తరం? ఓనరు మాత్రం చెవి దగ్గరి ఫోను దించి, మీదికొచ్చాడు.

"ఎవరే నువ్వు చెప్పడానికి? ఆపే అధికారం నీకెవరిచ్చారు?"

ఆమె అతన్ని పక్కకి తోసి, తిన్నగా చుక్కాని గది ఎక్కి, ప్రయాణాల పుస్తకంలో 'ఈ లాంచి కదలదు' అని రాసి, కింద 'సరంగు' అన్నచోట రోజూ పెట్టే సంతకమే పెట్టింది.