ఆయా సీటు

ఆయా సీటు లేని కారు విశాఖలో కనబడి చాలా ఏళ్లయింది. ఆ సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉండదు. కారు దేన్నైనా గుద్దుకుంటే ఇంటివాళ్ల బెల్టులు బిగుసుకుంటాయి. ఆయా బెల్టు మాత్రం వదులైపోతుంది. ఆమె ముందుకు తూలి, ఎదురుగా ఉన్న పసిబిడ్డను తన ఒంటితో కప్పేస్తుంది. దానినే లోకం భద్రత అంటోంది.

ఆ ఆదివారం చర్చికి బయలుదేరేటప్పుడు, మనవరాలి ఆయా నూకరత్నం కారులో ఆ సీట్లో కూర్చుని గాజులూ పిన్నీసులూ తీసి సంచిలో వేసుకోవడం ఫిలోమినమ్మ గారి కంటబడింది.

"అవెందుకే తీస్తున్నావు?"

"నాను పడితే పాపకి గుచ్చుకుంటాయి కదండీ. ఆయాలందరం తీసేత్తామండి, అమ్మగారూ."

ఇన్నాళ్లూ ఆ కారులోనే తిరుగుతూ ఈ సంగతి గమనించనందుకు ఫిలోమినమ్మ గారికి తన మీదే ఒళ్లు మండిపోయింది. నూకరత్నాన్ని లేపి, ఆ సీట్లో తానే కూర్చున్నారు.

"ఇది కుటుంబసభ్యుల సీటు కాదు. దయచేసి మారండి," అన్నది కారు.

"అమ్మా, చర్చిలో పూజకు ఆలస్యమవుతోంది," అన్నాడు కొడుకు జోజి. "అక్కడ కూర్చుంటే, నీకేమన్నా అయితే?"

"ఆ ప్రశ్న నూకరత్నాన్ని కూర్చోబెట్టినప్పుడు నీ నోట ఎందుకు రాలేదురా?"

కారు మళ్లీ అదే మాట అన్నది. ఫిలోమినమ్మ గారు కదలలేదు.

"మరి నన్నెక్కడ కూకోమంటారండీ?" అన్నది నూకరత్నం బెరుకుగా.

"నా సీట్లో. ముందు ఆ గాజులు వేసుకో."