రైట్ రైట్

నాన్నకు తీసేయాల్సింది ఒక్క కాలే. కట్లు మాత్రం రెంటికీ ఉన్నాయి.

"ఏ కాలు పెద్దాయనా?" ఆపరేషన్ గది గుమ్మంలో నర్సు మార్కరు మూత తీస్తూ అడిగింది.

మత్తులోకి జారుతున్న నాన్న స్ట్రెచర్ రాడ్డు మీద రెండుసార్లు కొట్టాడు. "రైట్... రైట్!"

ఆమె కుడి తొడ మీద గుర్తు పెట్టేసింది. స్ట్రెచర్ కదిలింది.

నాన్న మాటే నా నోట వచ్చింది. "హోల్డాన్!"

అందరూ ఆగిపోయారు.

"తీయాల్సింది ఎడమకాలు! ఈయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరండీ. రైటంటే బండి పోనిమ్మని!"

నర్సు కేసు షీటు చూసి, గుర్తు చెరిపి ఎడమ తొడ మీద పెట్టింది.

నాన్న సగం కళ్లు తెరిచాడు. "దిగేటప్పుడు ఎడమకాలే ముందు దిగాలమ్మా. దిగనీ. నాకింకా ముందుకి టికెట్టుంది."

ఈసారి రాడ్డు మీద రెండుసార్లు నేనే కొట్టాను.